మూసేసిన స్కీ కొండ మీద మొదటి చెట్టు

బ్రాంప్టన్‌లో మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న స్రవంతిది వరంగల్. ఇక్కడి కాలేజీలో పర్యావరణం చదువుతోంది. ఎప్పుడో మూతపడ్డ ఒక స్కీ కొండ మీద అడవి ఎంత తిరిగొచ్చిందో లెక్కగట్టి, సోమవారంలోగా ప్రాజెక్టు ఇవ్వాలి. శుక్రవారం సాయంత్రం పైకొచ్చి, "అమ్మమ్మగారూ, నా పార్ట్‌నర్‌కి వేర్‌హౌస్‌లో షిఫ్ట్ పడ్డది. లెక్కపెట్టడానికి ఒకరు, రాయడానికి ఒకరు కావాలె. ఇది పోతే సెమిస్టర్ మొత్తం మళ్లీ చదవాలె" అంది. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. నేనొస్తానన్నాను.

శనివారం ఉదయం 7:10కి మా అమ్మాయి కారులో బయలుదేరాం. స్రవంతే నడిపింది. హైవే 10 మీద ఉత్తరానికి గంటా యాభై నిమిషాలు పట్టింది. పెట్రోలుకు ఇరవై ఆరు డాలర్లు, రెండు కాఫీలకు నాలుగున్నర. కొండ ఇప్పుడు ఒక పెద్దావిడ సొంతం కాబట్టి ముందే ఫోన్ చేసి అనుమతి తీసుకున్నాం. ఆవిడ గేటు తీస్తూ నా తెల్లజుట్టు చూసి, "పైకి లిఫ్ట్ నడవదు, తెలుసుగా?" అంది.

"మోకాళ్లు నడుస్తాయి" అన్నాను.

ముదురు అడవి మధ్యలో, ఒకప్పుడు జనం మంచు మీద జారిన దారి అక్టోబరు ఎండలో పసుపుపచ్చగా కనబడింది. అదంతా లేత పాప్లర్ చెట్లే. జనాన్ని కుర్చీల్లో పైకి మోసిన లిఫ్ట్‌ది తుప్పు పట్టిన స్తంభం, దానికి ఒక కుర్చీ ఇంకా వేలాడుతోంది. నడుము ఎత్తు ముళ్లపొదల్లో ముప్పై అయిదు నిమిషాలు ఎక్కాం.

తాడుతో పది మీటర్ల చదరాలు ఆరు వేసి, నేను ఒక్కో చెట్టును తాకి గట్టిగా లెక్కపెట్టాలి, స్రవంతి చెట్టుకో గీత గీయాలి. మొదటి చదరంలో నాకు పద్నాలుగు, తనకు పదమూడు. రెండో దాంట్లో ఇరవై రెండు, ఇరవై ఒకటి. "గీతలు గీయడం కూడా రాకపోతే ఎలా?" అన్నాను. మూడో దాంట్లోనూ ఒకటి తగ్గింది. ఆ పిల్లకు కళ్లలో నీళ్లొచ్చాయి. "మీ లెక్కే వేసేస్త. రేపు కారుండదు కదా."

"నా లెక్క సరైనదని నేనే అంటే చాలదు. మళ్లీ పెడదాం" అని మొదటి చెట్టును తాకి, "లాభం" అన్నాను. పెన్సిలు కదల్లేదు.

"గీత ఏదీ?"

"ఇంకా మొదలుపెట్టలే కదా? దేవునికి దండం పెట్టుకుంటున్నరనుకున్న."

మా నాన్నగారింట్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనేవారు కాదు, లాభం అనేవారు. తర్వాత రెండు, మూడు. ఏం లెక్కపెట్టినా నా నోటికి అదే వస్తుంది. పట్నంలో పెరిగిన పిల్లకు అదెలా తెలుస్తుంది? తప్పు నాదేనని చెప్పాను. "ఎన్నిసార్లు తిట్టానే నిన్ను?"

"లాభం, రెండు, మూడు, నాలుగు" అంది, ముక్కు తుడుచుకుంటూ.

మూడు చదరాలూ మళ్లీ లెక్కపెట్టాం. ఈసారి రెండు లెక్కలూ కలిశాయి. మిగిలిన మూడూ ముగించి 4:15కి దిగాం. ఆదివారం పంపిన ప్రాజెక్టు పాసైందని మొన్ననే తెలిసింది.

ఆ వాలు మీద ఎవరూ ఒక్క మొక్క నాటలేదు, నీళ్లు పోయలేదు. మనుషులు తప్పుకున్నారు, చెట్లు వచ్చాయి. పిల్లల విషయంలోనూ నేను కాస్త తప్పుకుని, ఏం వినబడిందో ముందు అడగాలని దిగేటప్పుడు అనుకున్నాను. మీరూ ఇలా లెక్కకు వెళ్తే, మొదటి చెట్టును ఏమనాలో కారు దిగకముందే మాట్లాడుకోండి.