మా అత్త కట్టిన బండి ఇల్లు

అత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను కొత్తగూడెంలో ఒక స్పేర్ పార్ట్స్ దుకాణం ముందు నిలబడి ఫ్యాన్ బెల్టు బేరమాడుతున్నాను. ఆ బెల్టు ఆమె బండికే. వచ్చే ఆదివారం చింతూరు దాటి ఘాట్ ఎక్కుదామని ఆమే అంది. ఎక్స్‌ట్రా బెల్టు లేకుంటే బండి గడప దాటదని నన్ను పొద్దున్నే తోలిందీ ఆమే. ఫోన్లో మా నాయన "అత్త లేదురా" అన్నాడు. టీ పెట్టుకుని కుర్చీలో కూర్చుందట, సగం తాగిన గ్లాసు పక్కనే ఉందట. దుకాణం ఆయన "ఇంతకీ తీస్కుంటరా సారూ?" అని అడిగాడు. తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

జూలూరుపాడు, ములకలపల్లి వైపు ఊళ్లకు ఆమె నర్సమ్మ. నాకు మేనత్త, మా నాయనకు ఒక్కతే చెల్లెలు. ఇది చదువుతున్న మీలో కొందరికి బొడ్డు కోసింది ఆమే అయివుంటుంది. మామయ్య తొందరగా పోయాడు, పిల్లలు లేరు. మా ఇంటి పక్కనే రెండు గదుల్లో ఉండేది. ఎవరు గుమ్మం తొక్కినా ముందు "చేతులు కడుక్కో, తర్వాత మాట్లాడు" అనేది. మండలాఫీసు నుంచి పెద్ద అధికారి వచ్చినా అదే మాట.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. టేపు పెట్టి కొలవనిదే చాప కూడా కొనను. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత నా నిర్వాకం చదివి మీరు నవ్వినా నాకేం బాధ లేదు.

అత్త రిటైరైనప్పుడు శాలువా కప్పి, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోమని అందరూ చెప్పారు. ఆమె అందరికీ తలూపింది. వారం తిరక్కుండా మా ఇంటికొచ్చి నాయన ముందు కూర్చుంది.

"అన్నా, నేనొక బండి కొంటున్న. అండ్లనే మంచం, అండ్లనే పొయ్యి."

"ఏంది? బండ్ల పండుకుంటవా? ఇంట్ల మంచం లేదా?"

"ఇన్నేండ్లు ఊరూరు తిరిగిన. ఏ ఊరికి పోయినా ఎవరిదో అరుగు మీదనే పండుకున్న. పని కోసం చూసిన ఊర్లను ఇగ పని లేకుంట చూడాలె. నా మంచం నా ఎంటనే రావాలె."

నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందనడానికి అదే గుర్తు. "అరవై దాటినంక ఒక్కదానివి అడవులు పట్టుకొని తిరుగుతవా? నేనొప్ప."

"నువ్వు ఒప్పుడే కాదు, ఎక్కాలె గూడ. డ్రైవర్ పక్క సీటు నీదే."

"ఎక్కుత, ఎక్కుత. అది భద్రాచలం దాకా పోయి దాని కాళ్ల మీద అది తిరిగొచ్చిన్నాడు చూద్దాం."

వాళ్లమ్మానాన్నా చిన్నప్పుడే పోతే అత్తను పెంచింది, నర్సు ట్రైనింగుకు పంపింది నాయనే. జీతం వచ్చిన మొదటి నెల నుంచీ ఆమె ఆయనకు ఏదో ఒకటి తెచ్చి ఇవ్వబోవడం, ఆయన "నాకెందుకు" అనడం మేము చూస్తూనే ఉన్నాం. అందుకే ఊళ్లు తిరగడం కంటే ఆ పక్క సీట్లో అన్న కూర్చోవడమే ఆమెకు ముఖ్యమైపోయింది. ఎక్కుతానన్న మాటను గట్టిగా పట్టుకుంది.

బండి కారేపల్లిలో దొరికింది, ఒక పాత విదేశీ వ్యాను. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఒక పెద్ద రైతు పెరట్లో ఉంది. వెనకటికి ఎవరో విదేశీ డాక్టరు వాడి, వెళ్లిపోతూ వీళ్లకు అమ్మేశాడట. గుండ్రటి ముక్కు, రెండు పెద్ద కళ్లు, నోరు లేని ముఖం. నాకు చూడగానే నవ్వొచ్చింది, అత్త మాత్రం ముచ్చటపడి దాని చెంప నిమిరింది. తలుపు లాగితే లోపలి నుంచి కోళ్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి.

"నర్సమ్మ గారూ, ఇది బండేం కాదండీ, మా ఆవిడ కోళ్ల గూడు" అన్నాడాయన. "వాటికి వేరే ఇల్లు చూపించి తీసుకెళ్లండి."

అత్త ఆ మాటను పట్టేసింది. తుక్కు ధరకు తోడు ఒక కోళ్ల గూడు కట్టించి ఇచ్చేటట్టు బేరం కుదిరింది. ఆ గూడు కొలతలు నావే. ఇప్పటికీ కోళ్లు అందులో సుఖంగా ఉన్నాయి.

బాగుచేయడానికి బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మేస్త్రి ఒప్పుకున్నాడు. మొదటి రోజు ఆయన బండి ముందు నిలబడి, కింద దూరి, పక్కకు పోయి, చివరికి "ఇంజన్ ఏదీ?" అన్నాడు. వెనక ఉంది. అది దొరికాక రేడియేటర్ కోసం ఇంకో గంట వెతికాడు. అత్త గచ్చు మీద కూర్చుని, ఫోన్లో వీడియోలు చూసి రాసుకున్న నోటుపుస్తకం తిప్పుతోంది.

"మేస్త్రీ, దీనికి నీళ్లు లేవు. లోపల ఫ్యాను తిరుగుతది, గాలి తోటే సల్లవడ్తది."

"నా సర్వీసుల నీళ్లు తాగని ఇంజన్ చూడలే నర్సమ్మా!"

"నేను పాలు తాగని పిల్లల్ని మస్తు చూసిన. ఓపిక పట్టాలె, అంతే."

ఆ తర్వాతి నెలలు మా జీవితంలోకెల్లా సందడిగా గడిచాయి. బడి వదలగానే నేను పరుగున అక్కడికే. తుప్పు తిన్న అడుగును పాత కూలర్ల రేకులతో అతికించాం. మా బడిలో వేలం వేసిన టేకు బెంచీలు నేనే పాడుకున్నాను. అవి అరలయ్యాయి, మడిచే బల్లయ్యాయి. పరుపులోకి అడవిలో ఏరిన బూరుగు దూది. కిటికీలకు అత్త తెల్ల యూనిఫాం చీరలే కర్టెన్లు. చిన్న గ్యాస్ పొయ్యి, కుళాయి బిగించిన నీళ్ల క్యాను, పైన ఒక సోలార్ పలక. అది మొదటిసారి బల్బు వెలిగించినప్పుడు మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో వెలుగు సరిగ్గా కనబడనే లేదు. అయినా ముగ్గురం చప్పట్లు కొట్టాం. కార్బరేటర్ పార్శిలు వచ్చిన రోజు అత్త దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చింది, గతుకు వచ్చినప్పుడల్లా ఆటో అతన్ని "మెల్లగ, మెల్లగ" అని హెచ్చరిస్తూ. ఇంజన్ మొదటిసారి దగ్గి, పొగ వదిలి, టకటకమని అందుకున్నప్పుడు మేస్త్రి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పొగ వల్లనే అన్నాడు.

ఇక నా నిర్వాకం. ఎండాకాలం మా వైపు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకని రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య గోనె సంచులు కూరాలనుకున్నాం. మా ఇంట్లో సంచులకేం కరువు? నాయన మిర్చి కొట్టంలో ఖాళీవి గుట్టగా ఉంటాయి, రెండు చేతులా మోసుకొచ్చాను. బండి వెనక రెండు పక్కలా, చేప మొప్పల్లాంటి సందుల వెనక గోడలో కొంత బోలు కనిపించింది. కొలిచాను. ఒక్కో పక్క సరిగ్గా నాలుగు సంచులు పడతాయి. తయారుచేసినవాళ్లు ఇంత చోటు వృథాగా వదిలేశారే అనుకుని, గట్టిగా దట్టించి, పైన ప్లైవుడ్ కొట్టేశాను. అత్త ఆ రోజు బండి కాయితాల పని మీద పోయి ఊళ్లో లేదు. వచ్చాక నేను చెప్పనూ లేదు.

ఆ కాయితాలు చేతికొచ్చాక భద్రాచలం బయలుదేరాం. స్టీరింగు దగ్గర అత్త, పక్కన నేను, వెనక మేస్త్రి. నాయన గేటు దాకా వచ్చి "పైలం" అని లోపలికి పోయాడు. కొత్తగూడెం మీదుగా పోతే రోడ్డు నున్నగా ఉంటుంది, కానీ అత్త ములకలపల్లి వైపు తిప్పింది. ప్రతి మలుపు దగ్గరా ఒక కాన్పు కథ చెప్పింది. ఆమె గొంతు అంత హుషారుగా నేనెప్పుడూ వినలేదు.

ములకలపల్లి దాటి అడవిలోకి వెళ్లాక నాకు ముక్కు మండింది. మేస్త్రి తుమ్మాడు. అత్త తుమ్మింది. బండి బలం తగ్గి, మూలిగి, ఎత్తు మీద ఆగిపోయింది. వేడెక్కిన సంచుల్లోంచి మిర్చి ఘాటు ఎగదన్నుతోంది. కళ్లు తెరవలేక ముగ్గురం రోడ్డు మీద పడ్డాం. వెనక బస్సు ఆగింది. కండక్టరు దిగి, ముక్కు మూసుకుని, "ఏంది సారూ, అడవిల తాలింపు పెట్టిన్రా?" అన్నాడు. బస్సంతా తుమ్ములు.

ట్రాక్టరుకు తాడు కట్టి జూలూరుపాడు లాక్కొచ్చారు. నాయన గేటు దగ్గరే ఉన్నాడు. "పోయొచ్చిన్రా భద్రాచలం?" అన్నాడు.

మర్నాడు ఇంజన్ చల్లారాక అత్త స్టార్ట్ చేయించింది. చేతులు కడుక్కుని, దూదిపోగు ఒకటి తీసి, ఆ మొప్పల సందుల ముందు పట్టుకుంది. "పుట్టిన పిల్ల ఏడ్వకుంటే ముక్కు కాడ గిట్లనే పెట్టి చూసేటోళ్లం" అంది. పోగు కదల్లేదు. రెండో పక్క పట్టింది. అక్కడా కదల్లేదు.

"దీనికి ఊపిరి ఆడ్తలేదు మేస్త్రీ. ఎక్కడనో అడ్డం పడ్డది."

ఇంజన్ ఊపిరి తీసుకునే దారినే నేను కొలిచి మరీ మూసేశానని నాకప్పుడు అర్థమైంది. ప్లైవుడ్ ఊడదీసి ఎనిమిది సంచులూ లాగాను. ఆమె మళ్లీ పోగు పట్టింది. అది చటుక్కున లోపలికి వంగింది. "ఆఁ, ఇగ బతికింది!" అని అత్త అరిచిన అరుపుకు వీధిలోవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

వాళ్లతో పాటు నాయనా వచ్చాడు. సంచులు చూశాడు. "గివి గండ్ల ఎవరు పెట్టిన్రు?"

నేను నోరు తెరిచేలోగా అత్త "నేనే పెట్టమన్న అన్నా" అంది.

"నీకు తెల్వని పని నీకెందుకు? తొవ్వల అంటుకుంటే ఏం గావాలె? నేను ఈ బండి ఎక్కితే ఒట్టు" అని వెళ్లిపోయాడు. నేను వెంటపడబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. "నీ మీద కోపమొస్తే మీ నాయన నెల మాట్లాడడు అల్లుడా. నా మీదైతే రెండొద్దులే."

కోపం రెండు రోజుల్లోనే పోయింది, నిజమే. ఒట్టు మాత్రం ఉండిపోయింది. పదిహేను రోజుల తర్వాత బండి భద్రాచలం పోయి దాని కాళ్ల మీద అది తిరిగొచ్చింది. తర్వాత పర్ణశాల, ఏటూరునాగారం, పాపికొండల దారి. ప్రతిసారీ అత్త గేటు ముందు ఆపి హారన్ కొట్టేది. ప్రతిసారీ నాయనకు మోకాలు నొప్పో, మిర్చికి మందు కొట్టే పనో ఉండేది. ఆమె పక్క సీటు మీద తువ్వాలు పరిచి ఖాళీగానే తీసుకుపోయేది. నన్ను వెనకే కూర్చోమనేది. నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు. చెబితే ఆయన ఎక్కేవాడేమోనన్న ఆలోచన ఆమె పోయిన దగ్గర్నుంచీ నన్ను తినేసింది.

మూడో రోజు అస్థికలు గోదావరిలో కలపడానికి బయలుదేరాం. బంధువులు కారు కిరాయికి మాట్లాడారు. నాయన ముంత పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఇక ఆపుకోలేకపోయాను.

"నాయనా, ఆ మిర్చి సంచులు పెట్టింది నేను. అత్తకు తెల్వనే తెల్వదు."

"నాకెరుకే" అన్నాడు. "నా కొట్టంలకెల్లి నువ్వు మోస్కపోతుంటే చూసిన గద."

"మరి ఎందుకు ఎక్కలే?"

ఆయన చాలాసేపు ముంత మీద గుడ్డ సర్దాడు. "నేనెక్కితే మీ అత్త ఇగ ఇంటి పట్టున ఉండదనుకున్న. ఎక్కకుంటే ఎన్నడో ఒకనాడు ఇసుగొచ్చి ఆగుతదనుకున్న."

కారు డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు. నాయన ఆ కారు దాటి నడిచి, బండి దగ్గరికి పోయి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. "తాళం ఉన్నదా? పోనియ్. ములకలపల్లి మీదకెల్లి పో."

అడవి దారి పొడుగునా ఊళ్లు వచ్చినప్పుడల్లా ఆడవాళ్లు బండిని చూసి చెయ్యెత్తారు. లోపల అత్త ఉందనే అనుకుని ఉంటారు. నాయన మొదట ఊరుకున్నాడు. తర్వాత కిటికీ అద్దం దించి తనూ చెయ్యెత్తాడు. ఎత్తు రోడ్డు వచ్చినప్పుడు "నీళ్లు పొయ్యొద్దా దీనికి?" అని అడిగాడు. వద్దన్నాను. "గాలి తోటేనా?" అని, తల బయటపెట్టి వెనక్కి చూసి, "మంచిగనే గుంజుతున్నదిరా" అన్నాడు. ఆ మాట అత్త వినాల్సింది. నాకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. గేరు మార్చి ఇంకాస్త తొక్కాను.

గోదావరిలో కార్యం అయిపోయింది, స్నానాలు అయ్యాయి. తల తుడుచుకుని చూస్తే నాయన కనబడలేదు. రేవంతా వెతికి బండి దగ్గరికి వచ్చాను. వెనక తలుపు ఎత్తి ఉంది. లోపల అత్త మంచం మీద ఆయన వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. ఆ మంచాన్ని నేను ఆమె పొడుగుకు కొలిచి కోశాను, ఒక్క వేలు కూడా ఎక్కువ రాకుండా. నాయన ఆరడుగుల మనిషి. ఇసుక అంటిన రెండు పాదాలు బండి బయటికి వచ్చి ఎండలో ఆరుతున్నాయి.