బేరింగ్ అరిచిన ఆదివారం

మూకండపల్లిలో నేను అద్దెకుండే వరస ఇళ్ళలో అందరం ఫ్యాక్టరీ వాళ్ళమే. నాది స్టోర్స్‌లో ఉద్యోగం. ఇంటికొచ్చి ఇంత వండుకు తిన్నాక లాప్‌టాప్‌లో సింథసైజర్ తెరుస్తాను. పాటలు కట్టడం నాకు రాదు. శబ్దాలు తయారుచేయడమే నా పిచ్చి. నలభై దగ్గరపడుతున్న ఒంటరి మగవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తెర మీద గుండీలు తిప్పుతూ కూర్చుంటాడని ఎవరితో చెప్పుకోను?

ఆ నెలంతా ఒకే శబ్దం వెంట పడ్డాను. ఎవరో మాట్లాడబోయి ఆగినప్పుడు గొంతులో వచ్చే జీర కావాలి నాకు. ఒక స్వరంతో ఇంకో స్వరాన్ని కుదిపించాను. దాన్నే ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్ అంటారు. రెండింటికీ పొత్తు కుదిరితే శబ్దం మెత్తగా, మరీ బుద్ధిమంతుడిలా ఉంటుంది. కాస్త తప్పిస్తే ఇత్తడి చెంబు కిందపడ్డట్టు మోగుతుంది. ఆ తప్పులోనే ప్రాణముంది. తర్వాత ఫిల్టర్ ఓవర్‌డ్రైవ్. శబ్దాన్ని వడకట్టే ఆ ఫిల్టర్ మోయగలిగినదానికన్నా ఎక్కువ శబ్దాన్ని అందులోకి తోస్తే అది బొంగురుపోతుంది. డ్రైవ్ గుండీ సగం దాటాక ఒకరోజు నిజంగానే గొంతు వినిపించింది. ఒళ్ళు జలదరించింది.

బర్గూరులో ఉండే చిన్ననాటి స్నేహితుడికి పంపాను. నాలుగు నిమిషాల శబ్దం. పది సెకన్లలో బొటనవేలి బొమ్మ వచ్చింది. వాడు వినలేదని తెలుస్తూనే ఉంది. నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, ఆపైన ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం పంతం కొద్దీ హెడ్‌ఫోన్స్ పీకేసి స్పీకర్లో పెట్టాను. గదిలో ఇంకెవరో ఉన్నట్టు అనిపిస్తే చాలనుకున్నాను. అర నిమిషం కాలేదు, బయట కేకలు.

"మోటారు ఆపండప్పా! బేరింగ్ పోయింది, కాలిపోతాది!"

ఆ కేక వేసింది పక్కింటి ఫిట్టరన్న. ఈమధ్యే రిటైరయ్యాడు. యంత్రం జబ్బు చెవితో పట్టేస్తాడని ఫ్యాక్టరీలో పేరు. మా వరసలో మిక్సీ చెడినా, మోపెడ్ మొరాయించినా ముందు ఆయన చెవికే చూపిస్తారు. నేను గాభరాగా నా శబ్దం ఆపడమూ, ఎవరో ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు స్విచ్ కట్టేయడమూ ఒకేసారి జరిగిపోయాయి.

ఆయన ఎండలో కూర్చుని మోటారు మొత్తం విప్పాడు. బేరింగ్ కొత్తదానిలా తిరిగింది.

"యాడన్నా నీ బేరింగు? చెవులు పోయినాయి నీకు. పోయి పండుకోపో" అని చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు.

"లేదప్పా, నేను విన్నాను. ఈడ ఏందో అరిచింది" అంటూ ఆయన ఆ బేరింగ్‌నే మళ్ళీ మళ్ళీ తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

నేను కిటికీ పక్కనే నిలబడి ఉన్నాను. అరిచింది నా స్పీకరే అన్న ఒక్క మాటతో ఆయన పరువు నిలబడేది. కానీ నా పిచ్చి మా వరసలో అందరికీ తెలిసిపోతుంది, ఆ నవ్వులు నా మీదికి మళ్ళుతాయి. రేపు ఆయనొక్కడికే చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది. మిక్సీలు పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కేవాళ్ళు తగ్గారు. నేను చూస్తూ ఊరుకున్నాను, పిరికివాణ్ణి.

ఒక ఉదయం కొళాయి దగ్గర బిందె పెట్టి నిలబడితే ఆయన వచ్చాడు. మోటారు తిరుగుతోంది.

"ఏమప్పా, నీకు చెవులు బాగుండాయి కదా. ఇది బాగానే పోతా ఉందా? నాకు తెలుస్తా లేదు."

"బాగానే ఉందన్నా" అన్నాను.

ఆయన తలూపి, నా మాట నమ్మి, లోపలికి వెళ్ళిపోయాడు. నేను చేసిన శబ్దాన్ని గోడ అవతలి నుంచి విని, ఏదో బాధపడుతోందని పరుగెత్తుకొచ్చిన మనిషి ఆయనొక్కడే.