గంగరాజు కుడిచెయ్యి

గంగరాజు చేతిలో ఏదీ నిలవడం లేదని మొదట కనిపెట్టింది మా ఆవిడ. గిలకలదిండి నుంచి వారానికోసారి మాకు చేపలు తెచ్చే మనిషి అతను. మంచినీళ్లడిగి అందుకున్న గ్లాసు గుమ్మంలోనే వదిలేశాడు. మరుసటి వారం బుట్టే జారింది. పండుగప్పలు మా మెట్ల మీద దొర్లాయి.

ఎక్స్‌రేలు బందరులో, నరాల పరీక్షలు విజయవాడలో అయ్యాయి. ఎముక బాగుంది, నరం బాగుంది అన్నారు. వేళ్లు కదులుతాయి, కాని తాడు లాగబోతే పట్టు సడలిపోతుంది. అలాంటి చేతిని పడవలో ఎవరు ఎక్కించుకుంటారు? వేట నిషేధం జూన్ మధ్యలో ముగుస్తుంది. ఆలోగా పట్టు రాకపోతే అతనికి సముద్రంతో రుణం తీరిపోయినట్టే.

చెయ్యి అలా అయింది వాళ్లన్న సత్తయ్య పోయాక. వల లాగేటప్పుడు తాడు మణికట్టుకి చుట్టుకోకూడదని పడవెక్కిన మొదటిరోజే పెద్దవాళ్లు చెబుతారు. వల బరువెక్కితే మాత్రం చెప్పినవాళ్లతో సహా అందరూ చుట్టుకుంటారు. సత్తయ్యా చుట్టుకున్నాడు. పడవలో ఉన్నది అన్నదమ్ములిద్దరే. అడుగున వల దేనికో తగులుకుంది, కెరటం పడవను ఎత్తింది, తాడు సత్తయ్యను నీళ్లలోకి లాగేసింది. అన్న రెండో చెయ్యి గంగరాజు అందుకున్నాడు. తడిచెయ్యి జారిపోయిందని ఒడ్డుకొచ్చి చెప్పాడు. ఊరంతా నమ్మింది.

మా మేడమీద గదిలో ఇంద్రజగారు కూర్చుంటారు. బెంగళూరులో చదివొచ్చిన అమ్మాయి. మనసుకి తగిలిన దెబ్బ ఒంట్లో ఎక్కడ దాక్కుందో చూసి, అక్కణ్నుంచి నయం చేసే వైద్యం ఆవిడది. వెళ్లి చూపించుకోమన్నాను.

"మనసుకి మందేత్తే చెయ్యెలా వచ్చుద్ది తాతగారూ?" అన్నాడు గంగరాజు.

నా ఎడమ అరచెయ్యి చూపించాను. "కాన్వెంటులో సిస్టరుగారు దీని మీద స్కేలు విరగ్గొట్టి అరవయ్యేళ్లయింది. ఇప్పటికీ తెల్లగౌను కనబడితే ఇది జేబులో దూరిపోతుందిరా. మొన్న ఆస్పత్రిలో నర్సుని చూసి దూరింది."

"మీ కోతలు బందరంతా తెలుసులెండి."

"ఇదొక్కటీ కోత కాదురా."

వెళ్లాడు. లోపల జరిగింది తరవాత మెట్ల మీద కూర్చుని తనే చెప్పాడు. ఆవిడ అన్న గురించి అడగలేదట. తాడు అన్నప్పుడు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందని అడిగిందట. భుజంలో అన్నాడు. ఊపిరి బిగబట్టిన సంగతి ఆవిడ చెప్పేదాకా అతనికే తెలియదు. నాలుగో వారం ఒక తువ్వాలు మెలిపెట్టి ఒక కొస అతనికిచ్చి, రెండోది తను పట్టుకుని మెల్లగా లాగింది. "మీరేమీ చెయ్యకండి. వేళ్లు ఏం చేస్తాయో చూడండి చాలు" అంది.

చూశాడు. చిటికెనవేలు ముందు లేచింది. తరవాత పక్కది. ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

"జారలేదు తాతగారూ. పడవ ఒరిగిపోతంది. ఇంకాసేపుంటే నేనూ పోదును. నేనే ఇప్పేశాను."

ఆ తరవాత వారం వారం పట్టు తిరిగొచ్చింది. మే నెలాఖరుకి మా బావిలోంచి నిండు బకెట్టు ఒంటిచేత్తో తోడాడు. పడవ సరంగు కూడా రమ్మన్నాడు. కాని వదినకి చెప్పకుండా పడవెక్కనన్నాడు గంగరాజు. తొందరపడొద్దని ఇంద్రజగారు అన్నారు. వినలేదు. నన్ను తోడు రమ్మన్నాడు.

సత్తయ్య భార్య వెంకటరత్నమ్మ, మొగుడు పోయాక నాగాయలంక దగ్గర పుట్టింట్లో ఉంటోంది. బస్సు కృష్ణ మీద వంతెన దాటుతుండగా నా బుద్ధి ఊరుకోలేదు.

"ఒరే, నిజం చెప్పు, కాని కాస్త కలిపి చెప్పు. వదిలెయ్యమని మీ అన్నే అన్నాడని చెప్పు. మీ వదినకీ ఊరట, నీకూ ఊరట. చూసినవాడెవడు?"

కిటికీ వైపు తిరిగిపోయాడు. వద్దని మాత్రం అనలేదు.

వెంకటరత్నమ్మ వాకిట్లో చేపలు చీల్చి ఉప్పు పడుతోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని టీ పెట్టింది. గంగరాజుకిచ్చిన స్టీలు గ్లాసు మీద సత్తయ్య పేరు చెక్కి ఉంది. కుడిచేత్తోనే అందుకున్నాడు.

"చెయ్యి బాగయ్యిందంటగా మరిదీ" అంది సంతోషంగా.

"వదినా, ఆ రోజు అన్న చెయ్యి జారలేదు. నేనే ఒదిలేశాను." అతను నా వైపు ఒకసారి చూశాడు. "అన్నే... ఒదిలెయ్యమన్నాడు."

గ్లాసు జారింది. టీ ఉప్పుచేపల మీద పారింది.

వెంకటరత్నమ్మ గ్లాసు వైపు చూసింది, తరవాత అతని వేళ్ల వైపు. "ఆయనేమన్నాడో చెప్పు."

"పట్టుకోరా తమ్ముడూ అన్నాడు."

ఆ అబద్ధం నేర్పింది నేనని ఒప్పుకోకుండా, దొర్లిన గ్లాసు వైపే చూశాను. గంగరాజు వంగి కుడిచేత్తోనే గ్లాసు తీశాడు. కుండలో నీళ్లు ముంచి కడిగాడు.

"ఆ గ్లాసు నువ్వే పట్టుకుపో," అంది ఆమె, మళ్లీ కత్తి అందుకుంటూ. "ఇంక ఈ గుమ్మంలోకి రామాక."

తిరుగు బస్సులో నిలబడే వచ్చాం. ఎడమచెయ్యి పైకమ్మీకి వేశాడు. కుడిచేతిలో ఆ గ్లాసు, బందరు స్టాండు దాకా, ఒక్క కుదుపుకీ జారలేదు.