ఆట మధ్యలో లేచి వచ్చిన రోజు

మొన్న ఎండాకాలం ఖమ్మం నుంచి ఇల్లందు పోతుంటే ఊరి మొదట్లో గ్రౌండు దగ్గర బస్సు ఆగింది. లోపల ఫుట్‌బాల్ నడుస్తోంది. విజిల్ ఇంకా వినబడుతూనే ఉంది కానీ, గేటులోంచి మోటారు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి బయటికి వస్తున్నాయి. నడివయసు వాళ్ళిద్దరు బస్సెక్కారు. "అయిపోయిందా ఆట?" అని కండక్టర్ అడిగితే, "యాడయింది? మావోళ్లు రెండు గోల్స్ ఎనకబడ్డరు. ఇంక జూసేదేముంది" అన్నాడొకడు, జేబులో చిల్లర వెతుక్కుంటూ. పూర్వపు రోజుల్లో అయితే నేను సీట్లోంచి లేచి వాళ్ళిద్దరికీ గడ్డి పెట్టేవాణ్ణి. ఈసారి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వాళ్ళను తిట్టే హక్కు నాకు ఆ గ్రౌండులోనే పోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా తమ్ముడు ఇల్లందులో బొగ్గుబావి పనివాడు, బావి టీముకు గోల్‌కీపర్. నేను పెనుబల్లిలో గుమాస్తాను. ఎండాకాలం పోటీలు మొదలయ్యాయంటే రెండు బస్సులు మారి వచ్చేవాణ్ణి. ట్యాంకరుతో నీళ్ళు చల్లిన ఎర్రమట్టి వాసన, దాని మీద మిరపకాయ బజ్జీల నూనె వాసన, పక్కన కూర్చున్న వాళ్ళ చొక్కాల్లోంచి ఎంత ఉతికినా పోని బొగ్గు వాసన. అదంతా నాకు ఇష్టమే. ఇష్టం లేనిదల్లా ఆ జనం. మనవాళ్ళు గెలుస్తుంటే గోడలెక్కి అరుస్తారు. రెండు గోల్స్ పడితే చాలు, ఒక్కొక్కరికీ డ్యూటీ గుర్తుకొస్తుంది. సాయంత్రం ఐదున్నరకు ఏ బావిలోనూ ఏ షిఫ్టూ మొదలు కాదు. అయినా అందరూ "షిఫ్టుకు పోవాలె" అనే చెప్పి లేచేవాళ్ళు. ఒక ఏడు మా సొంత మేనమామే సగం ఆటలో బండి స్టార్టు చేశాడు. నేను గేటు దగ్గర అడ్డంగా నిలబడి, "మామా, నువ్వు రిటైరై మూడేండ్లాయె, ఏ షిఫ్టుకు పోతున్నవ్?" అని అడిగాను. ఆయన ఆ తరవాత మా ఇంటికి రావడం తగ్గించాడు. నేనూ పిలవడం మానేశాను. నేను మరచిపోయే రకం కాదు. ఎవరి పెళ్ళిలో నన్ను రెండో బంతి భోజనానికి కూర్చోమన్నారో, ఏ బస్సులో కండక్టర్ నన్ను "ఓయ్" అన్నాడో ఇప్పటికీ చెప్పగలను. అన్నిటికీ అర్జీలు పెట్టినవాణ్ణి. పెనుబల్లి నుంచి ఇల్లందు దాకా నాకు 'దరఖాస్తుల సారు' అనే పేరుండేదని నాకు తెలియదనే అందరూ అనుకునేవాళ్ళు.

ఆ తరవాత ఒక ఏడు ఫైనల్‌కు ముందు తమ్ముడు మోకాలికి గుడ్డ కట్టుకుంటూ నాతో ఒక మాట చెప్పాడు. ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదట. "అన్నా, మోకాలు ఒప్పుతలేదు. ఇదే ఆఖరి ఆట. ఓడినా గెలిచినా సరే, ఎవలు పోయినా నువ్వు మాత్రం పోకు. ఆ గోల్ల ఒక్కణ్నే నిలబడితే ఎనకంత బోసిగ ఉంటదే." నాకు నవ్వొచ్చింది. ఎవరితో చెబుతున్నాడు? "నేనెన్నడన్న ముందుగాల లేచిన్నారా?" అన్నాను.

ఎదుటివాళ్ళు భద్రాచలం వైపు అడవి ఊళ్ళ కుర్రాళ్ళు. అందరూ ఒకే జీపులో, కొందరు దాని పైన కూర్చుని వచ్చారు. వాళ్ళ తరఫున ఐదారుగురు పెద్దవాళ్ళు గ్రౌండుకు అటువైపు నేల మీద తువ్వాళ్ళు పరుచుకుని కూర్చున్నారు. ఆ కుర్రాళ్ళ పరుగు చూస్తే మావాళ్ళు బురదలో నడుస్తున్నట్టు ఉంది. సగం ఆటకే రెండు గోల్స్ పడ్డాయి. మావైపు బెంచీలు ఖాళీ కావడం మొదలైంది. విరామం తరవాత మూడోది పడింది. బంతి గీత దాటలేదు, తమ్ముడు గీత మీదే పట్టాడు. నా కళ్ళతో చూశాను. ఇప్పటికీ అదే చెబుతాను. లేచి నేరుగా కమిటీ వాళ్ళ బల్ల దగ్గరికి పోయి, ఫిర్యాదు రాసిస్తాను తీసుకోండి అన్నాను. బల్ల ముందున్న మనిషి నా మొహం చూసి, మైకు కట్టెయ్యకుండానే, "దరఖాస్తుల సారొచ్చిండు, జర ఒక తెల్లకాయితం జూడుండ్రి" అన్నాడు. గ్రౌండంతా నవ్వింది. గోల్స్ పడి ఏడుపు మొహాలతో కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. ఆట ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే నేను చెప్పుల్లో కాళ్ళు దూర్చి గేటు దాటాను. నాది అందరిలాంటి వెళ్ళిపోవడం కాదు, నిరసన. నడుస్తూ ఆ మాట నాకు నేనే రెండుసార్లు చెప్పుకున్నట్టు గుర్తు.

బస్టాండు ఎదురుగా టీ హోటల్లో కూర్చుని అర్జీలో ఏం రాయాలో ఆలోచించుకుంటుంటే గ్రౌండు వైపు నుంచి ఒక్కసారి చప్పట్లు వినబడ్డాయి. నాలుగోది కూడా పడిందనుకున్నాను. కాసేపటికి ఆ జీపు వచ్చి అక్కడే ఆగింది. కప్పు పట్టుకున్న కుర్రాళ్ళు బజ్జీల బండి మీద పడ్డారు. వాళ్ళ పెద్దవాళ్ళలో ఒక ముసలాయన నా బల్ల దగ్గర కూర్చుని టీ చెప్పాడు. నాలుగోది ఎట్లా పడిందని అడిగాను.

"మూడే పడ్డయ్ సారూ. నాలుగోది పెనాల్టి ఇచ్చిండ్రు. మీ గోల్ల ఉన్న పిలగాడు దుంకి పట్టిండు. పట్టి, లేచి, మీ దిక్కు జూసిండు. మీ దిక్కు ఎవలు లేరు. మేమే కొట్టినం చప్పట్లు."

నేను గ్రౌండు వైపు చూశాను.

"మీరు గూడ షిఫ్టుకనే లేచొచ్చిండ్రా?" అన్నాడు. ఆ సాకు అప్పటికే వాళ్ళ జీపు దాకా పాకిందన్నమాట. కాదని చెప్పి, గీత మీద పట్టిన బంతి, బల్ల, మైకు, నవ్వు అన్నీ వరసగా వివరించాను. ఆయన టీ చల్లారనిచ్చి మరీ ఓపికగా విన్నాడు. విని, "అది సరే సారూ, అండ్ల పిలగాడు ఏం జేసిండు?" అన్నాడు.

మాట మార్చడానికి, మీవాళ్ళు ఓడిపోతుంటే మీరు లేవరా అని అడిగాను. "యాడికి లేస్తం? జీపు ఒక్కటే గద. పోరగాండ్లు రాంది మేమెట్ల పోతం?" అని, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు నవ్వి లేచాడు.

తమ్ముడి ఇంటికి పోయేసరికి తను వాకిట్లో తొట్టి దగ్గర మోకాలు కడుక్కుంటున్నాడు. నేను గుమ్మం దాటకముందే మొదలుపెట్టాను, ఆ కమిటీవాడు మైకులో ఎంత మాటన్నాడో తెలుసా అని. తమ్ముడు తలెత్తకుండా, "మైకు నాకు గూడ ఇనబడ్డదన్నా" అన్నాడు. మోకాలి మీద ఇంకో చెంబు పోసుకుని, "నేను ఆడనే ఉన్న గద" అన్నాడు. అంతే. పెనాల్టీ సంగతి తనంతట తాను ఎత్తలేదు. ముసలాయన చెప్పాడని నేనూ అనలేదు. అని ఉంటే, అప్పుడు నేనెక్కడున్నానో కూడా చెప్పాల్సి వచ్చేది.

నేను మాత్రం కమిటీకి అర్జీ పెట్టాను, మూడు పేజీలు. బదులు రాకపోతే ఇంకోటి పెట్టాను. రెండు నెలలకు వాళ్ళు తప్పయిందని కార్డు ముక్క రాశారు. దాన్ని పట్టుకుని ఆదివారం ఇల్లందు పోయి తమ్ముడికి చూపించాను. రెండువైపులా చదివాడు. "మంచిగైందన్నా, గెలిచినవు" అని నా చేతికే ఇచ్చి, అన్నం క్యారియర్ తీసుకుని డ్యూటీకి పోయాడు. ఆరోజు నిజంగానే డ్యూటీ ఉంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమన్నా ఉందా అని చాలా రోజులు వెతికాను. ఉంటే బాగుండేది, నేనూ అలిగేవాణ్ణి. లేదు. తరవాత మేము పొలాల గురించి, పిల్లల చదువుల గురించి, బీపీ మాత్రల గురించి ఎన్నో మాట్లాడుకున్నాం కానీ, ఫుట్‌బాల్ మాట మాత్రం ఇద్దరి మధ్యకూ మళ్ళీ రాలేదు.

ఆ బల్ల మీద పరిచిన గుడ్డ ఆకుపచ్చది. మైకు పట్టుకున్నవాడి ఎడమ చేతికి రాగి కడియం ఉంది. నవ్వినవాళ్ళలో పదిమంది పేర్లు ఇప్పటికీ చెప్పగలను. మా తమ్ముడు ఆ బంతి కోసం కుడివైపు దూకాడో ఎడమవైపు దూకాడో మాత్రం నాకు తెలియదు. ఈసారి కలిసినప్పుడు అడుగుదాం అనుకుంటూనే ఇన్నేళ్ళూ గడిపాను. పోయిన నెల నాకు అరవై మూడు నిండాయి. అందులో ఆ ఇరవై నిమిషాలు లేవు.