దగ్గు రాని రోజు

నిన్న పెడనలో ఒక కలంకారీ షెడ్డులోకి వెళ్ళగానే కరక్కాయ నీళ్ళలో నానిన గుడ్డ వాసనకి నా చిన్నతనం గుర్తొచ్చింది. అప్పట్లో మా అద్దకం ఇళ్ళలో అంతేగా, గుడ్డలు ఉతకడం ఆడవాళ్ళది, చెక్క అచ్చుతో ముద్రలు వేయడం మగవాళ్ళది.

నాన్న బయటికెళ్తే అమ్మ అచ్చు పట్టేది. "నాన్న వస్తుంటే దగ్గవే" అని నన్ను గుమ్మంలో నిలబెట్టేది. ఒకరోజు సైకిల్ బెల్లు వినిపించింది. భయానికి నాకు దగ్గు రాలేదు.

నాన్న అమ్మ వెనక నిలబడ్డాడు. ఆమె ముద్రల వరస మధ్యలో ఆపలేదు. ఆయన వంగి ముద్రకీ ముద్రకీ మధ్య కలిసిన గీత కోసం వెతికాడు.

"అతుకేదే?"

"కనపడదండి."

నాన్న రంగు గిన్నె ఆమె వైపు జరిపాడు.

నిన్న ఆ షెడ్డులో అచ్చులు వేస్తున్నది అందరూ ఆడవాళ్ళే. బయట సైకిల్ బెల్లు మోగింది. నేను గట్టిగా దగ్గాను. ఒక్కరూ చెయ్యి ఆపలేదు.