నీలం పెట్టె

కామ్నిక్ ఊరి పరిశోధన కేంద్రంలో ద్రాగిత్సా రోజూ పొద్దున్నే ఇరవై తేనెటీగల పెట్టెల్లో చక్కెర పాకం పోస్తుంది. ఈగల ఒంటికి పట్టి పీల్చే పేలకు కొత్త మందొకటి పది పెట్టెల పాకంలో కలుపుతుంది, మిగతా పదింటికి ఉత్త పాకమే. అదే చెయ్యి, అదే గరిటె, అదే వేళ. దేనికీ ఒక్క చుక్క ఎక్కువ పొయ్యదు. మూడేళ్ల కిందట భర్త వింకో పోయిన రోజు, యజమాని పోతే ఈగలకు చెప్పాలన్న అక్కడి ఆనవాయితీ తప్పకుండా ఆయన నీలం పెట్టెను మూడుసార్లు తట్టి, “మీ యజమాని ఇక రాడు” అని ఈగలకు చెప్పింది ఆమే. ఆ పెట్టెనూ పరీక్షకిచ్చింది. ఏ పెట్టెకు మందో తేల్చడానికి చీట్లు తీస్తే అది మందులేని వరసలో పడింది.

“మార్చేద్దాం పిన్నీ, ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు శాస్త్రజ్ఞుడు తాదెయ్, జాలిపడి.

“నాకిష్టమైందని తప్పిస్తే అదింకేం పరీక్ష నాయనా?” అంది.

అక్టోబరుకల్లా మందు పనిచేసిందని తేలిపోయింది. తాదెయ్ సంబరపడ్డాడు. నీలం పెట్టె అడుగున ఈగలు ఎండు గింజల్లా రాలి ఉన్నాయి. ద్రాగిత్సా వాటిని లెక్కపెట్టి పట్టికలో రాసింది. చేతులు కడుక్కుని శ్మశానానికి నడిచింది. వింకో సమాధి రాతిని వేలి కణుపులతో మూడుసార్లు తట్టింది.

“నీ ఈగలు పోయాయయ్యా,” అంది. “ఆ చీటీ తీసింది నేనే.”