మిర్చి బస్తాల మధ్య వయొలిన్

ఆ రోజుల్లో నాకు ఒకే ఒక్క కోరిక ఉండేది. మా మేనత్త నోట "బాగుంది" అన్న మాట వినాలి. భద్రాచలంలో ఆమె దగ్గరే ఏడేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. ఆ ఏడేళ్లలో నేను విన్నవల్లా "మళ్ల వాయించు", "చెవులు యాడ పెట్టినవ్?" అనే రెండు ముక్కలే. కచేరీ మాటెత్తితే "ఇంకా పచ్చిగున్నది" అనేది (వంకాయ కూర గురించి కూడా సరిగ్గా అదే గొంతుతో అనేది). అందుకే డిగ్రీ చివరి ఏడాదిలో బాబాయి కొడుకు ఫోన్ చేసి, "చెల్లె, ఆల్బమ్ చేస్తున్నం. వయొలిన్ నువ్వే. సోలో గూడ ఉంది" అనగానే, అది ఏ సంగీతమో అడక్కుండానే ఒప్పుకున్నాను. ఆల్బమ్‌లో నా వయొలిన్ వింటే అత్త ఆ ఒక్క మాట అనక ఎక్కడికి పోతుందని నా ధీమా.

బాబాయి వాళ్ల ఊరు తల్లాడలో బస్సు దిగాక తెలిసింది, అది ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రెసివ్ మెటల్ అట. పిడుగులు పడ్డట్టు గిటార్లు, వాటి మీద గొంతు చించుకునే గాయకుడు, వీళ్లందరి నడుమ నేను. స్టూడియోలో చప్పుడు బయటికి పోకుండా గోడలకు ఏదో మెత్తటి సరుకు అతికిస్తారు కదా, మా అన్న దగ్గర అది లేదు. ఎండుమిర్చి ఉంది. ధర పెరిగేదాకా అమ్మేది లేదని బాబాయి ఒక గది నిండా బస్తాలు పేర్పించాడు. అన్న వాటిని నాలుగు గోడల వెంబడి కప్పుదాకా నిలబెట్టి, కిటికీలు బిగించి, "బస్తాను మించి చప్పుడు ఆపేదేముంటది, చెప్పు?" అన్నాడు గర్వంగా. పుట్టినప్పటి నుంచీ మిర్చి కల్లంలో తిరిగినవాడికి ఈ ఆలోచన ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి.

ముందు నన్ను నిలబడమన్నాడు. "నిలబడి జుట్టు ఊపుకుంట వాయించు, వీడియోల మంచిగుంటది." మా పద్ధతిలో వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి, బాసింపట్టు వేసుకుని వాయిస్తాం. లేచి నిలబడితే పాదం కిందా వయొలిన్ పైనా ఉంటాయి కదా, దాన్ని ఏ దేవుడు పట్టుకోవాలి? ఎంత చెప్పినా తలకెక్కలేదు. చివరికి అది నా చేతుల్లోంచి జారి ఒక బస్తా మీద పడ్డాక, "సర్లే, కూసోనే వాయించు" అన్నాడు. తర్వాత లెక్క గొడవ. ఒకచోట ఏడు దెబ్బలట, ఆ వెంటనే పదకొండట, ఆ పైన ఐదట. "ఇదేం తాళమన్నా?" అన్నాను ఏడుపు గొంతుతో. "తాళం గీళం లేదు. లెక్క మారుతనే ఉంటది. గదే ప్రోగ్రెసివ్!"

గాయకుడు మా అన్నకు స్నేహితుడు. మామూలుగా మాట్లాడితే పక్కవాడికి కూడా వినపడనంత మెతక మనిషి, పాటలో మాత్రం పులి. మేం గాండ్రింపు అని పిలిచేవాళ్లం. గాండ్రించాలంటే ముందు గట్టిగా ఊపిరి పీల్చాలి. డ్రమ్ము మోగినప్పుడల్లా బస్తాల్లోంచి సన్నటి ఎర్ర దుమ్ము రాలుతోంది. అతను పీల్చాడు. ఆ తర్వాత వచ్చింది గాండ్రింపు కాదు, పేగులు బయటపడేంత దగ్గు. మేమంతా తుమ్ముతూ బయటికి పరుగెత్తాం. అన్న మాత్రం ఎర్రబడ్డ కళ్లతో కంప్యూటర్ ముందే కూర్చుని, "సూపరుంది! ఇదే ఉంచుదాం!" అని అరుస్తున్నాడు. నా సోలో, ముక్కుకు తడి తువ్వాల కట్టుకుని, మూడో రోజు సాయంత్రానికి తుమ్ము లేకుండా పూర్తయింది.

ఆల్బమ్ ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్లో ఆ దగ్గు విని "ఎంత లోతైన వేదన!" అని రాశారు. నేను ఫోన్ పట్టుకుని భద్రాచలం వెళ్లాను. అత్త గోరుచిక్కుళ్లు తుంచుతోంది. పాట మొదలవగానే ఫోన్ గోదావరిలో విసిరేస్తుందనుకున్నాను. ఆమె కాయలు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, తొడ మీద లెక్క వేయసాగింది. దగ్గు రాగానే కళ్లు తెరిచి, "పాపం, పిలగానికి మిర్చి ఘాటెక్కింది గదనే! ఎవ్వలు నీళ్లియ్యలేదా?" అంది.

నా సోలో అయ్యాక "మళ్ల పెట్టు" అంది. పెట్టాను. "విల్లు ఒత్తినవ్. మళ్ల పెట్టు." పెట్టాను. "ఈడ తొందర పడ్డవ్. ఇంకోపాలి పెట్టు." మూడోసారీ విని, "పంచమం శ్రుతి తగ్గింది" అని తేల్చి, చిక్కుళ్లు మళ్లీ ముందుకు లాక్కుంది. "ఆ ఒర్రే పిలగాడు మాత్రం లెక్క తప్పలే. బాగుంది."

ఏడేళ్లు నేను కాచుక్కూర్చున్న మాటను గాండ్రింపు ఒక్క పాటతో ఎగరేసుకుపోయాడు! "మరి నాదత్తా?" అన్నాను కోపంగా. "నీది చెప్పిన గద, పంచమం." ఆ రోజు ఆమె ఇంట్లో అన్నం తినకుండా బస్సెక్కాను. ఖమ్మం దాకా ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు నేనూ పిల్లలకు వయొలిన్ చెబుతున్నాను. అప్పుడప్పుడు ఆ పాట పెట్టుకుంటాను. నచ్చనిదాన్ని మా అత్త మూడుసార్లు పెట్టించుకునే మనిషి కాదని ఆ రోజు బస్సులో మూతి ముడుచుకున్న పిల్లకు తట్టలేదు. నాకు తట్టేసరికి ముప్పై దాటాయి. అన్నట్టు, పంచమం తగ్గిన మాట నిజమే.